మా అమీనాను దోషిని చేసిన నవల

లైబ్రరీ ఉద్యోగమా, ఫ్యాను కింద హాయిగా కునుకు తీయొచ్చు కదా అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రిటైరై రెండేళ్లయినా ఆ మంట చల్లారలేదు. గ్రంథాలయాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదైనా ఉందా మేడం అని అడుగుతారు. మొహమాటానికి అడిగారని తెలిసినా నేను వదలను. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఈ సంగతే చెబుతాను. మీరూ కూర్చోండి.

నా ఆఖరి పోస్టింగు శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరూ మనుషుల పేర్లూ చెప్పను, అందరూ బతికే ఉన్నారు. ఆ ఊళ్లో ఒక కోర్టు ఉంది. కోర్టు గోడకు ఆనుకుని మా శాఖా గ్రంథాలయం. గోడలో ఒకచోట ఇటుకలు ఊడిపోయి మనిషి పట్టేంత సందు ఉండేది. బాగు చేయించమని ఎన్నిసార్లు రాసినా ఎవరూ పట్టించుకోలేదు గానీ, నిజం చెప్పాలంటే మా పాఠకుల్లో సగంమంది ఆ సందులోంచి వచ్చినవాళ్లే. వాయిదాకని పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతులు, తమ పేరు పిలిచేదాకా మా బల్లల దగ్గర కూర్చునేవాళ్లు. గుమాస్తాలు, జూనియరు లాయర్లు వచ్చిపోతుండేవాళ్లు.

కోర్టువాళ్లకు ఒక అలవాటు ఉంది. చదువుతున్న పేజీలో గుర్తుకు పాత సమన్ల ఫారమో, పనికిరాని నోటీసు కాపీయో పెడతారు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని తీయరు. నేను వాటిని పారేసేదాన్ని కాదు. వెనకవైపు ఖాళీయే కదా అని డ్రాయరులో పోగేసి, తీరిక దొరికినప్పుడు కత్తెరతో నాలుగేసి ముక్కలు చేసి చీటీలుగా వాడేదాన్ని. మాకు వచ్చే తెల్లకాగితం ఏ మూలకీ చాలేది కాదు మరి.

ఆ ఏడు వేసవి ముగిసే రోజుల్లో వచ్చిన పుస్తకాల కట్టలో ఒక నవల ఉంది. విజయనగరంలో ఒక చిన్న ప్రెస్సు వేసింది. రచయిత పేరు మేమెవరమూ వినలేదు. కోర్టు కథ, ఒక హత్య, ప్రతి ప్రకరణం చివరా ఒక మలుపు. దాన్ని మొదట పట్టుకెళ్లింది ఒక లాయరుగారి గుమాస్తా. నాలుగు రోజుల్లో తెచ్చేశాడు, అట్ట ఒక చేత్తో, పుస్తకం ఇంకో చేత్తో. నాలుగో ప్రకరణం దాటలేదట. పగలంతా కోర్టులో వినేది చాలదా, ఇంటికెళ్లి కూడా అదేనా అని విసుక్కున్నాడు.

బైండింగుకు పంపితే ఆరు నెలలకు గానీ రాదు. సూదీ దారం నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఆ మధ్యాహ్నమే కూర్చుని, గుమాస్తా వదిలేసిన ఫారాలు లాగి డ్రాయరులో పడేసి, కుట్టడం మొదలుపెట్టాను. నాలుగు వందల పేజీల లావు నా సూదికి లొంగలేదు. అందుకని రెండు భాగాలుగా కుట్టాను. చివరి మూడు ప్రకరణాలు విడిగా ఒక పల్చటి పుస్తకమయ్యాయి. ఆ పల్చటి పుస్తకాన్ని చూడగానే నాకొక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో అంత గొప్ప ఆలోచన రాలేదని అప్పుడు మురిసిపోయాను కూడా.

మొదటి భాగం ఎవరైనా ఇంటికి పట్టుకెళ్లొచ్చు. అది పూర్తి చేసినవాళ్లు నా దగ్గరికి వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి ఒక చీటీ తీసుకోవాలి. దోషి ఎవరో తీర్పు రాసి పెట్టెలో వేయాలి. అప్పుడే రెండో భాగం చేతికిస్తాను. అదీ హాల్లో కూర్చునే చదవాలి. చదివినవాళ్లు ముగింపు ఎవరికీ చెప్పకూడదు. పెట్టె కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. గోడకు సలహాల పెట్టె ఒకటి ఎప్పట్నుంచో వేలాడుతోంది, అందులో ఒక్క సలహా కూడా పడిన పాపాన పోలేదు.

కథ క్లుప్తంగా చెబుతాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక ముసలాయనకు కొబ్బరితోట ఉంటుంది. దాని మీద ఒకడు దావా వేస్తాడు. కోర్టు సమను పంపిస్తుంది. అది తనకు అందనే లేదంటాడు ముసలాయన. ఆయన రాలేదు కాబట్టి కోర్టు అవతలివాడి మాటే విని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తుంది. తోట పోతుంది. వారం తిరక్కుండా దావా వేసినవాడు ఆ తోటలోనే శవమై కనిపిస్తాడు. ముసలాయన కొడుకును అరెస్టు చేస్తారు. అతని తరఫున ఫీజు కూడా తీసుకోకుండా వాదించడానికి ఒక పెద్ద ప్లీడరు వస్తాడు. ఎంత మంచివాడంటే చదువుతూ మనమే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. హత్య జరిగేదాకా నేను ఆ ఊరు మొహమే చూడలేదని ఆయన కోర్టులో పదేపదే అంటుంటాడు. మొదటి భాగం అయ్యేసరికి నలుగురి మీద అనుమానం మిగులుతుంది. కొడుకు, చనిపోయినవాడి తమ్ముడు, ఒక గుమాస్తా, సమను పట్టుకెళ్లిన అమీనా.

అమీనా అంటే కోర్టు సమన్లూ నోటీసులూ ఊరూరా తిరిగి అందించే ఉద్యోగి. మనిషి దొరికితే చేతికిచ్చి సంతకం తీసుకుంటాడు. దొరక్కపోతే, ఇంటి తలుపుకు అంటించి, చుట్టుపక్కలవాళ్ల చేత సాక్షి సంతకం చేయించి, ఆ సంగతి రిపోర్టు రాస్తాడు.

ఇక చూడండి మా ఊరి సంబరం. పేపరు చదివి వెళ్లిపోయేవాళ్లు నవల కోసం వరసలో పేరు రాయించుకున్నారు. వారపత్రికలు తప్ప ఏమీ ముట్టని ఒక టైలరమ్మ మొదటి భాగం రెండు రోజుల్లో ముగించింది. ఎన్ని జాకెట్లు ఆలస్యమయ్యాయో ఆ దేవుడికెరుక. రిటైరైన లెక్కల మాస్టారు ఒక చీటీ చాలక నాలుగు తీసుకుని, తీర్పుతో పాటు కారణాలు కూడా రాశారు. మర్నాడు వచ్చి, తీర్పు మార్చుకుంటాను, పెట్టె తెరవమని పేచీ పెట్టారు. సరిహద్దు తగాదాతో పదకొండేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్న ఒక రైతు ఉండేవాడు, అందరూ వాయిదా మావ అనేవాళ్లు. సన్నక్షరాలు ఆయనకు ఆనవు. ఒక జూనియరు లాయరమ్మాయి రోజూ మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటూ ఆయనకు చదివి వినిపించేది. అంతా విని ఆయన ఇచ్చిన తీర్పు ఇది: "జడ్జీగారే సంపీసుంటాడు. ఇన్నేసి వాయిదాలు ఏసినోడు ఏటైనా సేస్తాడు."

రెండో భాగం చదివేవాళ్ల మొహం చూడ్డానికే హాల్లో నలుగురైదుగురు కాపు కాసేవాళ్లు. ఎక్కడ కనుబొమలు లేస్తాయి, ఎక్కడ నోరు తెరుస్తారు, ఏ పేజీలో కుర్చీ ముందుకు జరుపుకుంటారు అని చూపులన్నీ అటే. టైలరమ్మ చివరి పేజీకి వచ్చి చేతిలో పుస్తకాన్ని బల్ల మీద దబ్బున వేసి, నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చంపేశాడని రచయితను తిడుతూ బయటికి నడిచింది. నాకు రెక్కలొచ్చినట్టుండేది. హాలు నిండుగా మనుషులు, మాటలు, పందాలు. ఇన్నాళ్లూ నిశ్శబ్దం పాటించమని బోర్డు పెట్టుకున్నదాన్ని, ఆ నెలలో దాన్ని బీరువా వెనక దాచేశాను.

దోషి అమీనాయే. మా చివరి పేజీ ప్రకారం అంతే. సమను తలుపుకు అంటించానని అతను కోర్టులో మొత్తుకుంటాడు. ఫైల్లో అతని రిపోర్టు ఉండదు. సాక్షి ఎవరయ్యా అంటే చెప్పడానికి వణుకుతాడు. అబద్ధపు అమీనా, దాన్ని కప్పిపుచ్చుకోడానికి హత్య కూడా చేశాడని తేల్చి సంకెళ్లు వేస్తారు. గుమాస్తా ఫైలుకు తాడు కట్టి బీరువాలో పెడతాడు. అక్కడితో అయిపోయింది.

ముగింపు చెప్పకూడదన్న ఒట్టు మా ఊళ్లో ఎంతకాలం నిలుస్తుంది? పదిహేను రోజులు నిలిచింది, అదే ఎక్కువ. తర్వాత ఒకరి వాట్సాప్ స్టేటస్‌లో సంకెళ్ల బొమ్మ, ఇంకొకరి దాంట్లో సైకిలు మీద సంచీ. అర్థమైపోయింది అందరికీ.

ఇక్కడే మా అమీనా సంగతి చెప్పాలి. నిజమైన అమీనా. మా కోర్టులో ముప్పై ఏళ్లకు పైబడి పని చేసి, ఇంకో అయిదు నెలల్లో రిటైరు కావలసిన మనిషి. సన్నగా, నల్లగా, భుజాన గుడ్డసంచీ. రోజూ సాయంత్రం ఆ గోడ సందులోంచి వచ్చి, పేపరు చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివేవాడు. నవల వరసలో ఆయన పేరు నలభై మూడోది. ఆయన రాగానే వాయిదా మావ, ఏటి బావ, ఇయాల ఎవుల్ని సంపీసి వస్తన్నావు అని మొదలుపెట్టేవాడు. హాలంతా నవ్వు. మొదట్లో ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వాను. అది దాచను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన మీద నిజంగా ఒక ఫిర్యాదు వచ్చింది. బజారు వీధిలో ఒకాయన మీద ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. నా తలుపుకు సమను అంటించనేలేదు, అమీనా టీకొట్లో కూర్చుని దొంగ రిపోర్టు రాశాడు అని ఆయన జడ్జిగారికి అర్జీ పెట్టాడు. శుక్రవారం ఎంక్వయిరీ. తప్పని తేలితే ఉద్యోగం పోతుంది, పింఛను మీద దెబ్బ పడుతుంది, అన్నిటికీ మించి దొంగ అమీనా అన్న పేరుతో ఇంటికి పోవాలి. ఆ రిపోర్టు మీద సాక్షి సంతకం చేసింది ఆ ఇంటికి ఎదురుగా కిరాణా కొట్టు నడిపే షావుకారు. ఆయన వచ్చి అవునని చెబితే చాలు.

ఆ షావుకారు మా పాఠకుడే. కొట్లో గల్లాపెట్టె మీద నవల పెట్టుకుని చదువుతూ, శనగలు అడిగినవాళ్లకు పెసలు కట్టి ఇచ్చిన మనిషి. మొదటి భాగం తిరిగి ఇచ్చి చీటీ తీసుకుని వెళ్లాడు. ఆ చీటీ పెట్టెలో పడలేదు, రెండో భాగానికీ రాలేదు. వారం అయింది.

బుధవారం సాయంత్రం అమీనా వచ్చాడు. పేపరు ముట్టలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ పుస్తకం వరసలో నా పేరు కొట్టీయండమ్మా" అన్నాడు.

ఎందుకని అడిగాను. షావుకారు శుక్రవారం విశాఖపట్నంలో చుట్టాలింటికి వెళ్తున్నాడట. సంతకం పెట్టాను గానీ అంటించడం చూశానో లేదో జ్ఞాపకం లేదంటున్నాడట. నవల్లో అమీనా ఏం చేశాడో ఊరంతా చెప్పుకుంటోంది, రేపు ఇదీ అబద్ధమని తేలితే నన్నూ లోపలేస్తారు అన్నాడట.

"నవల్దేటుందమ్మా. ఆయన నన్ను సూసి తల దించీసినాడు. అది సూడలేకపోయేను."

ఆయన వెళ్లాక నాకు అన్నం సహించలేదు. నా ఆటకు ఊరు నవ్వింది, నేను మురిశాను, ఒక మనిషి ముప్పై ఏళ్ల నౌకరీ ఆ నవ్వులో కొట్టుకుపోతోంది. కథ వేరు మనిషి వేరు అని తెలియనంత అమాయకులు కారు మా ఊరివాళ్లు. కానీ రోజూ వేళాకోళం విన్న చెవికి అనుమానం అంటుకోడానికి ఎంతసేపు పడుతుంది?

గురువారం మధ్యాహ్నం ఆట ముగించేద్దామని సలహాల పెట్టె తాళం తీసి బల్ల మీద బోర్లించాను. జూనియరు లాయరమ్మాయి అన్నం తినడం ఆపి వచ్చి, తీర్పులు విడదీయడం మొదలుపెట్టింది. కొడుకు ఒక కుప్ప, తమ్ముడు ఒక కుప్ప. లెక్కల మాస్టారి చీటీ ఒకటి చదివి, ఇంకేమైనా రాశారేమోనని వెనక్కి తిప్పింది.

"మేడం, ఇది ఎక్కడిది?"

సమన్ల ఫారం ముక్క అన్నాను చూడకుండానే.

"ఫారమే. కానీ దీని మీద ప్రతివాది పేరు మన ముసలాయనది. నవల్లో ముసలాయనది."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఇద్దరం చీటీలన్నీ తిరగేశాం. లెక్కల మాస్టారిదే ఇంకో చీటీ, టైలరమ్మ చీటీ, అలా మూడు ముక్కలు దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తే అమీనా రాసిన రిపోర్టు. ఇంట్లో ఎవరూ లేనందున ఫలానా రోజు సమను వీధి తలుపునకు అంటించితిని అని చేతిరాత లాంటి అక్షరాల్లో అచ్చు వేసి ఉంది. అది నవల ఆఖరి ఆకు. ఫైల్లోంచి మాయమైన రిపోర్టును, ఒక్క మాట కూడా రాయకుండా, పాఠకుడి చేతిలో పెట్టి ముగించాడు ఆ రచయిత మహానుభావుడు. నేను దాన్ని కుట్టేటప్పుడు గుమాస్తా పెట్టుకున్న గుర్తు అనుకుని లాగేశాను. చదవకుండా కత్తిరించాను. ఆ ముక్కల వెనకే ఊరి చేత తీర్పులు రాయించాను.

నాలుగో ముక్క లేదు. కింది కుడివైపు ముక్క. కింది ఎడమవైపు ముక్క అంచున 'సాక్షి' అని ఉంది, పేరు లేదు.

రిజిస్టరు తీశాను. తీసుకెళ్లి తిరిగి వేయని చీటీ ఒక్కటే. షావుకారుది.

లైబ్రరీకి తాళం వేసి నడిచాం. పనివేళల్లో అలా తాళం వేయడం సర్వీసులో అదే మొదటిసారి. ఆ పిల్ల దాదాపు పరుగు, నేను వెనక రొప్పుకుంటూ. మా వాలకం చూసి వాయిదా మావ కోర్టు మెట్ల మీంచి లేచి వెంటపడ్డాడు, ఏమైందో తెలియకుండానే.

కొట్లో బేరం పల్చగా ఉంది. చీటీ ఏదండీ అని అడిగాను. షావుకారు మొహం మాడ్చుకుని, రాయలేదమ్మా, తర్వాత రాస్తాను అన్నాడు. రాయకపోయినా పర్లేదు, ఇవ్వండి చాలు అన్నాను. సరుకుల చీటీలు గుచ్చే ఇనుపతీగ నుంచి ఒకటి పీకి ఇచ్చాడు. మధ్యలో చిల్లు పడింది. రాత లేదు. లాయరమ్మాయి మూడు ముక్కలూ గల్లాపెట్టె మీద పేర్చి, ఇది మీరే పెట్టండి అంది.

ఆయన పెట్టాడు. కళ్లజోడు సరిచేసుకుని చదివాడు. సాక్షి అన్న మాట ఎదురుగా, తీగ చిల్లు పక్కన, ప్లీడరు పేరు. ఆ ఊరు మొహమే చూడలేదన్న ఆ మంచి ప్లీడరు. సమను అంటిస్తుంటే పక్కన నిలబడి సంతకం పెట్టిందీ ఆయనే. అమీనా వెళ్లగానే దాన్ని పీకి పారేసింది ఎవరో, తోట ఎవరికి కావాలో, చివరికి కత్తి ఎవరి చేతిలో ఉందో, ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. వాయిదా మావకు లాయరమ్మాయి గబగబా చెప్పేసరికి ఆయన నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

షావుకారు ఆ పేరు రెండుసార్లు పైకి చదివాడు.

"అయితే అమీనా నిజంగానే అంటించినాడన్నమాట" అన్నాడు.

నవల్లో అమీనా అన్నాను నేను.

"సాచ్చికి అంతా తెలుసు."

తెలుసు అన్నాను.

"తెలిసీ నోరిప్పలేదు."

ఈలోగా లోపలి నుంచి ఆయన భార్య తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. గల్లాపెట్టె మీదకు వంగి ఆ ముక్కలు చూసింది. ఆమెకు నవల సంగతి తెలీదు, ఎదురింటి సమను గురించే మాట్లాడుకుంటున్నాం అనుకుంది.

"ఆ ఎదురింటి తలుపుదేనేటి? బంకకి మైదా కావాలని అమీనా బాబు మనింట్లోనే గదా అడిగినాడు. నానే పొయ్యి మీద ఉడకబెట్టి డబ్బాలో ఏసి ఇచ్చేను. కాయితం గాలికి ఎగిరిపోతందని నువ్వే ఎల్లి పై కొస పట్టుకున్నావు. మరిసిపోనావేటి?"

షావుకారు కళ్లజోడు తీసి ఆ ముక్కల పక్కన పెట్టాడు.

"మరిసిపోలేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. విశాఖపట్నం ప్రయాణం అక్కడే రద్దయింది.

శుక్రవారం నన్ను లోపలికి రానివ్వరు కదా. గోడ సందు దగ్గర నిలబడ్డాను, నాతో పాటు సగం లైబ్రరీ నిలబడింది. పదకొండున్నరకు షావుకారు, ఆయన భార్య లోపలికి వెళ్లారు. ఆమెను ఎవరూ పిలవలేదు, తనే బయల్దేరింది. అమీనా ఆమె పేరు ఎక్కడా ఎత్తలేదట, ఇంటి ఆడమనిషిని కోర్టుకు ఈడ్చడం ఇష్టంలేక. ఎంక్వయిరీ చేసిన అధికారి ఇన్నాళ్లూ జ్ఞాపకం లేదన్నది ఇప్పుడెలా వచ్చిందని షావుకారును అడిగాడట. భయపడి అబద్ధం చెప్పానండి, జ్ఞాపకం ఎప్పుడూ ఉంది అన్నాడట షావుకారు. నవల మాట మాత్రం ఎత్తలేదు, ఎత్తితే పిచ్చాసుపత్రికి పంపుతారని భయం. తర్వాత ఆమె మైదా ఎన్ని చెంచాలో, నీళ్లు ఎన్నో, ఎంతసేపు ఉడికించిందో వివరంగా చెప్పబోతే, చాలమ్మా అని ఆ అధికారే ఆపాడట. గంటలో బయటికి వచ్చారు. అమీనా వెనకాల వచ్చాడు, సంచీ భుజాన వేసుకుని. షావుకారు ఈసారి తల దించుకోలేదు. ఫిర్యాదు కొట్టేశారన్న కాగితం తర్వాత వారంలో వచ్చింది.

ఇక మా పాఠకుల కోపం చూడాలి. మా తీర్పు చెల్లదు, మళ్లీ విచారణ కావాలని లెక్కల మాస్టారు. నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నానని టైలరమ్మ. ప్లీడర్లందరూ అంతేనని వాయిదా మావ, లాయరమ్మాయి ఎదుటే. ఇంతకీ ఆఖరి ఆకు ముక్కలెలా అయిందని అందరూ అడిగారు. ఊడిపోయి ఫారాల్లో కలిసిపోయింది అన్నాను. ఊడిపోలేదు, నేను లాగాను. ఆ ఒక్క మాట మార్చాను, అంతే. దాంతో నేరం ప్రెస్సు మీదకు పోయింది. లాయరమ్మాయి మంచి భాషలో ఒక ఫిర్యాదు రాసింది, నలభై మంది సంతకాలు పెట్టారు, అడుగున లైబ్రేరియన్ హోదాలో నేను ధ్రువీకరిస్తూ సంతకం చేశాను. పది రోజుల్లో కొత్త కాపీ ఒకటి, క్షమాపణ ఉత్తరం ఒకటి వచ్చాయి. ఆకు సరిగా అతికించనందుకు మా బైండరును గట్టిగా మందలించాం అని రాశారు. ఆ ఉత్తరం డ్రాయరు అడుగుకు తోసేశాను. కొత్త కాపీ అందరికీ చూపించాను.

అమీనా నవల చదివాడు, కొత్త కాపీ కాదు, నేను కుట్టిందే అడిగి తీసుకున్నాడు. చివర ఆ నాలుగు ముక్కలూ ఒక కవరులో పెట్టి ఉంచాను. హాల్లో కూర్చుని చదివి, కవరు మూసి నా బల్ల దగ్గరికి వచ్చాడు. మీకు నావల్ల చాలా కష్టం కలిగిందని నేను మొదలుపెట్టేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"షావుకారు కాయితం పట్టుకున్నాడమ్మా, అది నిజివే. కానీ సర్వీసులో సేరిన కొత్తలో ఒకటి నాను అంటించలేదు."

భావనపాడులో ఒక ముసలామె ఇంటికి సమను. ఆ రోజు సముద్రం మీంచి ఒకటే గాలీ వానా. బస్సు దిగి, నడవలేక, టీకొట్లో కూర్చుని అంటించితిని అని రాసేశాడు. సాక్షి సంతకాలూ తనే గీకాడు. ఆమె కోర్టుకు రాలేదు. ఇల్లు పోయింది.

"అప్పుడు ఎవులూ ఎంక్వయిరీ ఎట్టలేదు" అన్నాడు. ఆ తర్వాత ఏ సమనూ చేతికివ్వకుండా గానీ అంటించకుండా గానీ తిరిగి రాలేదట. ఆ ఊరి కాగితాలు మాత్రం వేరేవాళ్లకు మార్పించుకునేవాడట, ముప్పై ఏళ్లూ.

ప్రెస్సు ఉత్తరం ఉన్న డ్రాయరు నా మోకాలికి తగులుతూనే ఉంది.

అయిదు నెలలకు ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఆ మర్నాడు పేపరు చదవడానికి రాలేదు. ఆ పై రోజు సాయంత్రం వచ్చాడు. ఎక్కడికెళ్లారని అడిగితే భావనపాడు అన్నాడు.

"ముసిలామె లేదమ్మా. కొడుకున్నాడు, వల బాగు సేసుకుంటన్నాడు. సెప్పీసేను."

ఏమన్నాడని అడిగాను.

"సుట్ట ముట్టించుకున్నాడు. నాను ఎల్తానన్నాను. బస్సుకాడికొచ్చి నిలబడ్డాడు."

నేను డ్రాయరు లాగి, అడుగున ఉన్న ప్రెస్సు ఉత్తరం తీసి ఆయన ముందు పెట్టాను. ఆకు ఊడలేదనీ, నేనే లాగాననీ, బైండరు అనే మనిషి నా మాట వల్ల తిట్లు తిన్నాడనీ చెప్పాను. ఆయన ఆ ఉత్తరాన్ని తన అలవాటు ప్రకారం ముందూ వెనకా చూసి, మడిచి ఇచ్చాడు.

"రాసీయండమ్మా."

అక్కడే రాశాను. నాలుగు వాక్యాలు. తప్పు మీ బైండరుది కాదు, చదవకుండా లాగి నాలుగు ముక్కలుగా కత్తిరించింది లైబ్రేరియనైన నేను అని. కవరు మీద ప్రెస్సు చిరునామా రాస్తుంటే ఆయన ఆపాడు. పోస్టులో వేస్తే యజమాని చదివి పక్కన పెడతాడు, ఎవరికి చెందాలో ఆ మనిషి చేతికే అందాలి అన్నాడు. సంతకం తీసుకోడానికి ఒక నకలు కూడా రాయించుకుని, కవరుతో పాటు సంచీలో పెట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత నకలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వెనక వంకర అక్షరాల్లో బైండరు సంతకం, దాని కింద తన రాతలో, స్వయముగా అందజేసితిని అని. బైండరు ఏమన్నాడో చెప్పమన్నాను.

"రెండుసార్లు సదివించుకున్నాడమ్మా. కోపం నేదు. ఆ నాలుగు ముక్కలూ పారీకుండా ఉంచినారా అనడిగినాడు. ఉంటే ఆయమ్మనే తెమ్మను, అతుకు కనపడకుండా అతికిస్తాను అన్నాడు."

మర్నాడు సెలవు చీటీ రాసి, నేను కుట్టిన ఆ పుస్తకమూ కవరూ సంచీలో పెట్టుకుని, విజయనగరం బస్సెక్కాను.